మెదడు ధమని చిరిగితే దాన్ని మూసివేయడం సరైనదేనా?

ప్రశ్న (అమలాపురం): కొబ్బరి దింపు జరుగుతుండగా మా నాన్నగారికి మెడ వెనుక ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి వచ్చి, వాంతి చేసుకుని తోటలోనే పడిపోయారు. మెడ వెనుక నుంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ధమని లోపలి పొర చిరిగి, పుర్రె లోపలి భాగంలో పగిలి రక్తస్రావమైందని కాకినాడలో స్కాన్ చూసి చెప్పారు. చిరిగిన భాగాన్ని కాయిల్స్‌తో (సన్నని లోహపు తీగ చుట్టలతో) మూసేస్తామంటున్నారు. మా పిన్నిగారికి ఇదే ధమని చిరిగినప్పుడు మాత్రలతోనే తగ్గింది కదా!

సమాధానం (రాజమహేంద్రవరం): మీ పిన్నిగారికి చిరిగింది బహుశా మెడ భాగంలో అయి ఉంటుంది. అక్కడ గడ్డలు కట్టి పక్షవాతం రాకుండా రక్తాన్ని పలుచబరిచే మందులిస్తారు. మీ నాన్నగారికి రక్తస్రావమైంది కాబట్టి ఆ మందులు ప్రమాదకరం. మళ్లీ పగిలే ముప్పు మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. వెర్టిబ్రల్ ధమనులు రెండు కలిసి బేసిలర్ ధమనిగా మారతాయి కనుక, రెండు కాలువలు కలిసే చోట ఒకదాని లాకు దించినా దిగువకు నీరు అందినట్టు, అవతలిది బాగుంటే రక్తం అందుతుంది. అయితే చిన్నమెదడుకు వెళ్లే పైకా అనే కొమ్మ చిరిగిన చోటి నుంచే బయలుదేరుతోందేమో తప్పక అడగండి. అలాగైతే బైపాస్ గురించి ఆలోచించవలసి వస్తుంది. స్టెంట్ వేస్తే రక్తం గడ్డకట్టకుండా ఆపే ప్లేట్‌లెట్ నిరోధక మందులు రెండు రకాలు వాడాలి, రక్తస్రావమైనవారికి అదే ఇక్కడి చిక్కు.

సమాధానం (భీమవరం): మా అమ్మగారికి గజ్జ దగ్గర నుంచి గొట్టం పంపి కాయిల్స్ పెట్టారు. తరువాత 21 రోజులు రక్తస్రావం తరువాత మెదడుకు రక్తం తగ్గి దెబ్బతినకుండా కాపాడే నిమోడిపిన్ మాత్రలు నాలుగేసి గంటలకు ఇచ్చారు. అర్ధరాత్రి మోతాదు కూడా తప్పించలేదు. మొదటి మాత్రకు ముందు చెంచాడు నీళ్లు మింగించి, పొలమారుతుందేమో నర్సు చూశారు.

ప్రశ్న అడిగినవారు: అవతలి ధమని బాగుందట, పైకా చిరుగుకు దూరంగా ఉందట. సంతకం చేశాను, ఇప్పుడే లోపలికి తీసుకువెళ్లారు.