ప్లేటులో ఐదు బాణాలు పడితే జింక మీద వెయ్యనివ్వచ్చా?

డేటన్_వాసి:
ఒహాయోలో మా పొలం వెనక కాస్త అడవి ఉంది. సెప్టెంబరు చివర్లో విల్లు సీజన్ మొదలవుతుంది. ఈసారి మన తెలుగువాళ్లే ఐదారుగురు వేటకు వస్తామన్నారు. అందరికీ లైసెన్సులు ఉన్నాయి, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేశారు. నేను ఒక్క షరతు పెట్టాను: 30 గజాల నుంచి ఐదు బాణాలు వెయ్యాలి, ఐదూ 8 అంగుళాల పేపర్ ప్లేటులో పడాలి. వైట్‌టెయిల్ జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు అంతే ఉంటుంది కాబట్టి ఆ ప్లేటు. ఒకాయనేమో పెరట్లో వేసే బాణానికీ అడవికీ సంబంధం లేదు, తీసెయ్యండి అంటున్నారు. ఇంకొకాయన 40 గజాలకు పెంచమంటున్నారు. మీరేమంటారు?

పది_రింగు:
పెంచాలనే నా మాట. పెరట్లో లేని గురి అడవిలో ఎక్కడినుంచి ఊడిపడుతుంది? మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది మనం వాడే ఈ కప్పీల కాంపౌండ్ విల్లుతోనే. 50 మీటర్ల దూరం, పది పాయింట్లిచ్చే నడిమి పసుపు రింగు వెడల్పు 8 సెంటీమీటర్లు. ఫైనల్లో ఆ అమ్మాయికి టెన్షన్ లేదా? ఉంటుంది. వేలకొద్దీ బాణాలు వేసిన చెయ్యి కాబట్టి ఆ టెన్షన్‌లోనూ తన పని తాను చేసుకుపోతుంది. అభ్యాసం తక్కువైనవాళ్లే అడవి మీద నెపం వేస్తారు.

ఎర్రమట్టి:
పది_రింగు గారూ, సురేఖ మీద మీకెంత గౌరవమో నాకూ అంతే. కానీ ఆ పసుపు రింగుకు చెవులు లేవు. జింకకు ఉన్నాయి.

లాగడానికి 60, 70 పౌండ్ల బలం పట్టే మన విళ్ల నుంచి బాణం సెకనుకు సుమారు 280 అడుగుల వేగంతో వెళ్తుంది. తీగ చప్పుడు 1,100 అడుగుల వేగంతో ముందే చేరుతుంది. 20 గజాల దూరంలో జింక చప్పుడు విన్నాక బాణం తగలడానికి 0.16 సెకను పడుతుంది. అదే 40 గజాలైతే 0.3 సెకను దాటుతుంది. బెదిరిన జింక పరుగు అందుకోవడానికి ముందు కాళ్లు ముడిచి ఒళ్లు కిందికి దించుతుంది. 20 గజాల్లో ఆ దించడం మొదలయ్యేసరికే బాణం దిగిపోతుంది. 40లో వీపు మీదుగా పోవచ్చు, అదీ అదృష్టమే అనుకోవాలి. వెన్నెముక పైన కండలో దిగితే ఆ జింక దొరకదు, గాయంతో తిరుగుతుంది. ఇందులో వేసినవాడి గురి తప్పేమీ లేదు, బాణం సరిగ్గా గురిచూసే పిన్ను పెట్టిన చోటికే వెళ్లింది. అందుకే 40 గజాల ప్లేటు కొట్టినవాడికి 40 గజాల జింక మీద హక్కు వచ్చేసినట్టు కాదు.

ఇక మొదటి బాణం సంగతి. పెరట్లో ఎవరైనా రెండు మూడు వేశాకే కుదురుకుంటారు. అడవిలో ఉండేది ఆ మొదటిదే. నవంబరు సాయంత్రం, చెట్టు మీద 20 అడుగుల ఎత్తున, మూడు గంటలు కదలకుండా కూర్చున్న ఒంటితో వెయ్యాలి. జింక తల మాను చాటుకు వెళ్లిన ఆ రెండు క్షణాల్లోనే విల్లు లాగాలి. ముఖానికి చుట్టుకున్న గుడ్డ వల్ల దవడ దగ్గర చెయ్యి ఆనే చోటు మారుతుంది. లావు జాకెట్టు చేతి మడత తీగకు రాసుకుంటుంది. వెలుతురు తగ్గితే పీప్‌లోంచి, అంటే తీగలో గురిచూసే చిన్న రంధ్రంలోంచి, పిన్ను తప్ప జింక ఒళ్లు కనబడదు. అది సగం అడుగు వేసి ఆగి మన వైపే చూసిందనుకోండి, లాగిన విల్లు అలాగే పట్టుకుని ఉండాలి. పూర్తిగా లాగాక చేతి మీది బరువు తగ్గే లెట్-ఆఫ్ 80 శాతం ఉన్నా నిమిషం దాటితే భుజం వణుకుతుంది. గుండె దడ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఎత్తు నుంచి వేస్తే దూరం లెక్క తప్పుతుందని చాలామంది భయపడతారు. చెట్టు మొదలు నుంచి 20 గజాల్లో ఉన్న జింకకు, 20 అడుగుల పైనుంచి తేడా ఒక్క గజమే. అసలు తప్పు నడుం దగ్గర జరుగుతుంది. నడుం వంచకుండా చెయ్యి మాత్రమే దించితే భంగిమ విరుగుతుంది, బాణం పక్కకు పోతుంది.

మేరీల్యాండ్‌లో ఇండియన్ హెడ్ అనే నేవీ స్థావరం ఉంది. అక్కడ 1989 నుంచి 2006 వరకు విల్లు వేట లెక్కలు రాసి పెట్టారు. వేటగాళ్లందరూ విల్లు వేట నేర్పే బోహంటర్ కోర్సు చేసినవాళ్లే, ఏటా సీజన్‌కు ముందు గురి పరీక్ష పాసైనవాళ్లే. బాణం తగిలిన జింకలు 908, దొరకనివి 162. నూటికి 18. పరీక్ష పాసైన చేతుల లెక్క ఇది.

కొత్తవిల్లు:
అన్నా, అయితే పరీక్ష దండగే అంటారా? నేను ఈ ఏడే మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం 20 గజాల్లో వేస్తున్నాను. మరి నేనేం చెయ్యాలి?

పది_రింగు:
దండగ అనడానికి ఆ లెక్క సరిపోదు తమ్ముడూ. అందులో పరీక్ష లేకుండా వెళ్లినవాళ్లే లేరు, ఇక దేనితో పోల్చి దండగ అంటాం? ఎర్రమట్టి గారు చెప్పిన కష్టాలన్నీ నిజమే. కానీ అవన్నీ ఉన్న గురిని తగ్గించేవే. ప్లేటులో నాలుగంగుళాల్లో వేసేవాడు అడవిలో ఎనిమిదికి జారతాడు, బతికిపోతాడు. ఎనిమిదిలో వేసేవాడు పన్నెండుకు జారతాడు, అప్పుడు పొట్టలో తగులుతుంది. ఇంకొకటి, సాధనకు వాడే ములుకులు (ఫీల్డ్ పాయింట్లు) ఒకచోట, వేటకు వాడే పదునైన రెక్కల ములుకులు (బ్రాడ్‌హెడ్లు) ఇంకోచోట పడుతున్నాయని తెలిసేది టార్గెట్ ముందే. అడవిలో తెలిస్తే ఏం లాభం?

ఎర్రమట్టి:
బ్రాడ్‌హెడ్ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. పరీక్ష తీసెయ్యమని నేనూ అనడం లేదు, పెరటి పరీక్షను అడవి పరీక్షగా మార్చమంటున్నాను. కొత్తవిల్లు తమ్ముడూ, రోజూ సాయంత్రం వెయ్యి. దాంతోపాటు పొద్దున్నే లేచి ఒక్కటే బాణం వెయ్యి, రెండోది వద్దు. అది ఎక్కడ పడిందో రాసుకో. నెల తర్వాత ఆ మొదటి బాణాలన్నీ ప్లేటులో ఉన్న దూరమే నీ దూరం. బాణాలన్నీ ఒకేచోట దిగిన ఫొటోలు చూసి దూరం పెంచుకోవద్దు.

రమణి_పి:
నేను 3డీ పోటీలకు, అంటే జంతువుల బొమ్మల మీద బాణాలు వేసే పోటీలకు వెళ్తుంటాను. అక్కడ చాలా తరగతుల్లో దూరం మనమే కంటితో అంచనా వేసుకోవాలి, అదొక్కటే సగం పాఠం. కానీ 3డీలో కూడా ఒక లోపం ఉంది: ప్రతి బొమ్మ మీదా వెయ్యాల్సిందే. మానుకునే వీలు లేదు. దశరథుడి గురి తప్పిందా? చప్పుడు విని వేసిన బాణం సరిగ్గా ఆ చప్పుడు దగ్గరికే వెళ్లింది. ఏనుగు నీళ్లు తాగుతోందనుకున్నాడు, కడవ ముంచుతున్న పిల్లవాడికి తగిలింది. జింక ఎదురుగా తిరిగి నిలబడితే వెయ్యకూడదు. తల ఎత్తి చెవులు నిక్కించి ఉంటే వెయ్యకూడదు. అడ్డంగా నిలబడో, కాస్త అవతలికి తిరిగో, మేత మీద ధ్యాసతో ఉన్నప్పుడే వెయ్యాలి. డేటన్ గారూ, మీ పరీక్షలో లాగిన విల్లును వెయ్యకుండా దించడం కూడా చూడండి. చాలామందికి అదే చేతకాదు.

డేటన్_వాసి:
సరేనండీ, ఇలా మారుస్తున్నాను. వచ్చినవాళ్లు వచ్చినట్టే, వార్మప్ లేకుండా, సీజన్ జాకెట్టుతో, పడిపోకుండా హార్నెస్ కట్టుకుని చెట్టు మీది స్టాండ్ ఎక్కి ఒక్క బ్రాడ్‌హెడ్ వెయ్యాలి. 3డీ జింక బొమ్మను 25 గజాల్లోపు ఎక్కడ పెడతానో ముందు చెప్పను. విల్లు లాగాక నేను ‘ఆగు’ అంటే ఆగాలి, మళ్లీ ‘వెయ్’ అన్నాకే వెయ్యాలి. ఒకసారి ‘దించు’ అని కూడా అంటాను. తప్పినవాళ్లు ఇంకో వారం వచ్చి వెయ్యొచ్చు. మా అడవిలో 25 గజాలు దాటి ఎవరూ వెయ్యకూడదు.

పది_రింగు:
మిగతావన్నీ బాగున్నాయి. 25 గజాల కట్టుబాటు మాత్రం అందరికీ ఒకటే పెట్టడం అన్యాయమండీ. పదేళ్లు వేసినవాడినీ కొత్త తమ్ముడినీ ఒకే గాట కడితే ఎలా?

ఎర్రమట్టి:
వేసేవాడు ఎన్నేళ్లవాడైనా బాణం వేగం అదే, జింక చెవులూ అవే. 25 ఉంచండి.