అప్‌డేట్: కాయిల్ చుట్టుకునే వేప్ గురించి అడిగింది నేనే

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మళ్ళీ నేనే. రోజుకు పది సిగరెట్లు తాగుతున్నాను, కాయిల్ (వేడెక్కే తీగచుట్ట) మనమే చుట్టుకునే అటామైజర్‌తో (ద్రవాన్ని ఆవిరి చేసే భాగం) వేప్, అంటే ఈ-సిగరెట్, మొదలుపెడదామనుకుంటున్నాను, ఏ మోడ్ (బ్యాటరీ ఉండే భాగం) కొనాలి అని పోయిన నెల అడిగాను కదా. ఏదీ కొనలేదు.

కాయిల్ ఎంత కరెంటు లాగుతుందో మీలో ఒకరు చెప్పిన లెక్క కాగితం మీద వేసి చూశాను. మోడ్‌లో వేసే 18650 రకం బ్యాటరీ నిండా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు. కాయిల్ నిరోధం 0.2 ఓమ్ వచ్చిందంటే, 4.2ని దానితో భాగిస్తే, 21 ఆంపియర్లు లాగుతుంది. చాలా సెల్స్ అంత తట్టుకోవు. సర్క్యూట్ లేని మెకానికల్ మోడ్‌లో దాన్ని ఆపేదే ఉండదు. కొత్తవాళ్ళకి కరెంటును అదుపులో పెట్టే చిప్ ఉన్న మోడ్, 1 ఓమ్ దగ్గర ఒక్క కాయిల్ చాలన్న మాట నిజమే. నేనేమో ఇత్తడి గొట్టంలా బాగుందని మెకానికల్ మీద మోజుపడ్డాను!

అసలు అడ్డం వేరే. ఈ-సిగరెట్లను నిషేధించిన 2019 చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది, పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వైపు వెళ్ళి కొన్నా అంతే. అమ్మకం, దిగుమతి, రవాణా అన్నీ నేరమే. మొదటిసారికే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ‘గల్ఫ్ నుంచి తెస్తాలేరా’ అన్నాడు బావ. వద్దు బావా అన్నాను.

ఇప్పుడు 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ వాడుతున్నాను. మొదటిరోజు కిళ్ళీ నమిలినట్టు నమిలేస్తే వెక్కిళ్ళు పట్టుకున్నాయి. కాస్త నమిలి, ఘాటు తగలగానే చెంప పక్కన పెట్టి ఉంచాలి. సిగరెట్లు మూడుకి దిగాయి. పొద్దున టీ తర్వాతది మాత్రం ఇంకా వదలట్లేదు.