షెల్ షాక్‌ని "యుద్ధభయం" అనొచ్చా?

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల వైద్యం గురించిన వ్యాసాన్ని తెలుగు చేస్తూ షెల్ షాక్‌కి "యుద్ధభయం" సరిపోతుందా అని అడిగారు కదా. షెల్ షాక్ అంటే ఆ యుద్ధంలో ఫిరంగి గుళ్ల మధ్య ఉన్న సైనికులకి మనసు దెబ్బతిని మాట, చూపు లాంటివి పోవడం. దయచేసి ఆ మాట వద్దండీ. భయపడ్డాడన్న నేరం మీదే అప్పట్లో మనుషుల్ని చంపారు. హారీ ఫార్ అనే బ్రిటిష్ సైనికుడు 1915లో షెల్ షాక్‌తో ఐదు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు, మళ్లీ యుద్ధానికి పంపారు, ముందు వరుసకి వెళ్లలేనన్నందుకు పిరికితనం కింద విచారించి 1916 అక్టోబరులో కాల్చేశారు. కూతురు, కుటుంబం ఏళ్ల తరబడి పోరాడాక 2006లో క్షమాభిక్ష పొందిన 306 మందిలో ఆయనా ఒకరు. ఇప్పుడు మనం "భయం" అని రాస్తే ఆ సైనిక కోర్టు తీర్పునే తిరిగి రాసినట్టు.

షెల్ షాక్ డాక్టర్లు పుట్టించిన పేరు కాదు, సైనికుల నోట్లోంచి వచ్చింది. బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన డాక్టర్ చార్లెస్ మయర్స్ 1915 ఫిబ్రవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ముగ్గురు రోగుల గురించి రాస్తూ దాన్ని వైద్యంలోకి తెచ్చాడు. తీరా చూస్తే ఫిరంగి గుండు దగ్గర పేలనివాళ్లకీ అవే లక్షణాలు, దాంతో ఆ పేరు సరైంది కాదని ఆయనకే అనిపించింది. సైన్యం ఇంకో పని చేసింది: శత్రువు దాడి వల్ల వస్తే "డబ్ల్యూ", కాకపోతే "ఎస్" అని చీటీ మీద రాయించింది. డబ్ల్యూ ఉంటే గాయపడ్డవాడి కింద లెక్క, గాయపడ్డాడని గుర్తుగా చొక్కా చేతికి పట్టీ, పెన్షన్. ఎస్ ఉంటే ఉత్త జబ్బు మనిషి. 1917కి ఆ పేరే రాయొద్దన్నారు. ఇవాళ పరిశోధకులు ఆ పెన్షన్ ఫైళ్లు తిరగేసేటప్పుడు ఎవరికి ఏ పేరు పెట్టారన్నదే పెద్ద ఆధారం, అందుకే పీటీఎస్‌డీ అని మార్చడం కూడా తప్పే, ఘోరమైన అనుభవం తర్వాత మనసుకి వచ్చే జబ్బుకి 1980లో వచ్చిన పేరది. షెల్ షాక్ అనే ఉంచి కింద ఒక్క వాక్యం వివరణ ఇవ్వండి.

దీనికి ఒకరి జవాబు: మరి మన "జడుపు" ఉంది కదండీ? పిల్లాడు జడుసుకున్నాడంటే ఎవరూ వాణ్ని తప్పుపట్టరు.

దానికి నా మాట: మంచి మాట గుర్తుచేశారు, నిందలేని మాట. కానీ జడుపు ఒక్కసారి ఉలిక్కిపడితే పట్టుకునేది, ఇదేమో నెలల తరబడి కందకాల్లో ఉన్నవాళ్లకీ వచ్చింది, కొందరికి మాట పడిపోయింది, కొందరికి చూపు పోయింది. వివరణలో వాడండి, పేరుగా వద్దు. పశ్చిమ గోదావరి మిలిటరీ మాధవరం నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకీ మనవాళ్లు వెళ్లారు. ఆ ఊరివాళ్లెవరైనా ఇక్కడ ఉంటే, యుద్ధం నుంచి వచ్చాక నిద్రలో కేకలు పెట్టే మనిషి గురించి మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఏమనేవారో రాయండి.