టీఎస్‌హెచ్ 7.8, యాంటీ టీపీవో 412: ఈ థైరాయిడ్ కాగితాలను ఎలా అర్థం చేసుకోవాలి?

మిర్యాలగూడ కోడలు
గత నెల పరీక్షలో నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథి మందగిస్తే పెరిగే హార్మోను) 7.8 వచ్చింది, ఫ్రీ టీ4 (ఆ గ్రంథి తయారుచేసే హార్మోను) మాత్రం పరిధిలోనే ఉన్నది. డాక్టరు గారు యాంటీ టీపీవో అనే యాంటీబాడీ పరీక్ష కూడా చేయిస్తే 412 అని వచ్చింది. 34 లోపు ఉండాలని ఆ కాగితం మీదే రాసి ఉన్నది. పది రోజుల తరువాత హైదరాబాదులో చేయిస్తే టీఎస్‌హెచ్ 5.9 మాత్రమే. దేన్ని నమ్మాలి? రెండో బిడ్డ గురించి కూడా ఆలోచిస్తున్నాము. థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలా?

పాలమూరు అక్క
మాత్ర సంగతి నన్ను అడగమ్మా. ఆరేళ్లపాటు పొద్దున చాయ్‌తోనే మింగాను, దానివెంటనే క్యాల్షియం గోలీ. టీఎస్‌హెచ్ దిగడం లేదని మోతాదును 50 మైక్రోగ్రాముల నుంచి 125 దాకా పెంచుకుంటూ పోయారే తప్ప, ఎట్లా వేసుకుంటున్నావని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు పరగడుపున నీళ్లతో వేసుకొని గంట ఆగి చాయ్ తాగుతున్నాను, క్యాల్షియం మధ్యాహ్నానికి జరిపాను. 88తోనే సరిపోతున్నది.

మర్రిగూడ రైతుబిడ్డ
అందరూ మాత్రల గురించే చెబుతారు, నీళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. మా నాయన ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగిపోయాడు, మా అమ్మకు థైరాయిడ్ వచ్చింది. రెండూ ఒకే బోరు ఇచ్చిన బహుమానాలు.

ల్యాబులో ఇరవై ఆరేళ్లు
నా చేతుల మీదుగా వేల నమూనాలు పోయాయి కాబట్టి చెబుతున్నాను. ఫ్లోరైడు ఎముకలనూ పళ్లనూ పాడుచేస్తుంది. యాంటీ టీపీవో అనేది మన రోగనిరోధక వ్యవస్థ మన గ్రంథి మీదనే తయారుచేసుకునే యాంటీబాడీ. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించిన జబ్బులో కనిపించేది ఇదే. దానిని బోరు మీదకు నెట్టడం అజ్ఞానం. ఇక కోడలమ్మా, ఆ రెండు నమూనాలు ఏ వేళకు ఇచ్చారు?

మర్రిగూడ రైతుబిడ్డ
అజ్ఞానమా? మా ఊళ్లో పిల్లల పళ్లు గోధుమరంగుకు తిరిగినప్పుడు కూడా చదువుకున్నవాళ్లు మమ్మల్ని పళ్లు తోముకోవడం లేదన్నారు. ఇరవై ఆరేళ్లు సూది గుచ్చినంత మాత్రాన మా నీళ్ల మీద తీర్పు చెప్పే అధికారం మీకు రాదు.

నల్లగొండ టీచరు
ఇద్దరూ కొంచెం తగ్గండి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు, కాబట్టి ఆ బాధ నాకూ తెలుసు. ఎక్కువ ఫ్లోరైడుకూ టీఎస్‌హెచ్‌కూ సంబంధం ఉన్నదా అని పరిశోధించినవారు ఉన్నారు, ఫలితాలు మాత్రం ఒక్కతీరుగా లేవు. అయితే యాంటీబాడీలు ఎక్కువగా కుటుంబాల వెంట వస్తాయి. మేమిద్దరం అక్కాచెల్లెళ్లం ఒకే బావి నీళ్లు తాగి పెరిగాము. మా చిన్నమ్మకు ఉన్నట్లే అక్కకు ఉన్నవి, నాకు లేవు.

వనపర్తి
నా అనుభవం వేరు. జుట్టు రాలుతున్నదని బయోటిన్ మాత్రలు వాడుతున్న రోజుల్లో నా టీఎస్‌హెచ్ 0.1గా, టీ4 ఎక్కువగా కనిపించింది. థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నదని నన్ను భయపెట్టారు. అవి ఆపి వారం తరువాత చేయిస్తే అంతా మామూలే. ఆ మాత్ర కొన్ని యంత్రాల లెక్కనే తప్పిస్తుందట.

ల్యాబులో ఇరవై ఆరేళ్లు
నేను చెప్పబోయిన మాట అదే.

పాలమూరు అక్క
మరి ముందే చెప్పవలసింది.

మిర్యాలగూడ కోడలు
మొదటిది ఉదయం ఏడింటికి, రెండోది మధ్యాహ్నం మూడింటికి ఇచ్చాను. బయోటిన్ ఏదీ వాడడం లేదు. బిడ్డ గురించి అడిగినదానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

ల్యాబులో ఇరవై ఆరేళ్లు
అక్కడే దొరికింది. టీఎస్‌హెచ్ రాత్రి పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది. దానికి తోడు రెండు ల్యాబుల యంత్రాలు వేరు. రెండు కాగితాలూ నిజమే. రెండింటిలోనూ అది పరిధి దాటే ఉన్నది.

అచ్చంపేట నర్సు
చెల్లీ, అసలు తొందర బిడ్డ గురించి నువ్వు అడిగినదానికే ఉన్నది. కడుపులోని బిడ్డకు సొంత గ్రంథి పనిచేసేదాకా, అంటే మొదటి నెలల్లో, తల్లి టీ4యే ఆధారం. అందుకే గర్భానికి ముందే టీఎస్‌హెచ్‌ను 2.5 లోపుకు తేవాలని చాలామంది డాక్టర్లు చూస్తారు. నెల తప్పిందని తెలిసిన రోజే చెప్పాలి, ఎందుకంటే మాత్ర మోతాదు పెంచవలసి రావచ్చు. యాంటీబాడీలు ఉన్నవారికి సగం నెలలు నిండేవరకు నాలుగేసి వారాలకు టీఎస్‌హెచ్ చూస్తారు. కాన్పు తరువాత కూడా ఒక కన్ను వేసి ఉంచాలి. జీవితాంతమా అన్నదానికి ఇప్పుడే జవాబు లేదు. ఈ స్థాయి టీఎస్‌హెచ్ కొందరిలో తనంతట తానే దిగుతుంది, యాంటీబాడీలు ఉన్నప్పుడు మాత్రం మెల్లగా పెరిగే అవకాశం ఎక్కువ. మాత్ర మొదలుపెడితే ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాతే మళ్లీ పరీక్ష. వారానికొకసారి చేయిస్తే డబ్బు దండుగ. యాంటీ టీపీవోను మళ్లీ మళ్లీ చేయించడమూ అంతే, ఆ అంకె పెరిగిందా తరిగిందా అన్నదాన్ని బట్టి మోతాదు మారదు.

మిర్యాలగూడ కోడలు
ఇప్పుడు అర్థమైంది అక్కా. సోమవారం పొద్దున ఏడింటికి మొదటి ల్యాబులోనే ఇచ్చి, ఆ కాగితంతో డాక్టరు గారిని కలిసి బిడ్డ సంగతి ముందు అడుగుతాను.

మర్రిగూడ రైతుబిడ్డ
పోతూ పోతూ మీ ఇంటి బోరు నీళ్లు కూడా ఒక సీసాలో పట్టుకొనిపోయి పరీక్ష చేయించండి.