ఫ్యాన్ ఆర్ట్‌కి వేల లైకులు, సొంత పాత్రకి నలభై: మీ అనుభవాలు చెప్పండి

గీతలరాత:
అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా యానిమే (జపాన్ యానిమేషన్) స్టైల్లో డిజిటల్ బొమ్మలు వేసి ఆన్‌లైన్‌లో పెడుతున్నాను. పోయిన నెల పేరున్న సిరీస్‌లోని ఒక తెల్లజుట్టు కుర్రాణ్ణి ఫ్యాన్ ఆర్ట్‌గా, అంటే వేరేవాళ్ల పాత్రకి అభిమానంతో వేసే బొమ్మగా, మూడు గంటల్లో గీసి పడేశాను. తెల్లారేసరికి ఆరు వేల లైకులు. తర్వాత నా సొంత పాత్ర మిణుగురుని పెట్టాను. రెండు వారాల పని. జుట్టు మీద పడే వెలుగు కోసమే మూడు రాత్రులు కూర్చున్నాను. లైకులు నలభై. మొదటి కామెంటు: "బాగుంది, తెల్లజుట్టు అతన్ని మళ్లీ ఎప్పుడు వేస్తారు?"

ఏడవాలో నవ్వాలో తెలీలేదు. దీనికి తోడు కామెంట్లకీ మెసేజ్‌లకీ జవాబులివ్వడంతోనే రోజూ రెండు గంటలు పోతోంది. ఇవ్వకపోతే పొగరనుకుంటారేమోనని టెన్షన్. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

నీలిబ్రష్:
మీ నలభై నాకు పండగే అండి. నా ఓసీకి (సొంతంగా సృష్టించుకున్న పాత్రకి) మొదట్లో పదకొండు వచ్చేవి, అందులో ఒకటి నా రెండో అకౌంట్‌ది.

ఫ్యాన్ ఆర్ట్ చూసేవాళ్లు ఆ పాత్ర పేరు వెతుక్కుంటూ వస్తారు, కింద ఎవరి సంతకం ఉందో చూడరు. ఆ పాత్రతో వాళ్లు ఇరవై నాలుగు ఎపిసోడ్లు నవ్వారు, ఏడ్చారు. మన పాత్ర వాళ్లకి ఇంకా ముక్కూ మొహం తెలియని మనిషి. ఎంత బాగా వేసినా ఆ తేడా పోదు.

నేను పోస్టర్ లాంటి బొమ్మలు తగ్గించి నా పాత్ర గొడుగు పిల్లతో నాలుగు గళ్ల కామిక్ మొదలుపెట్టాను. జపాన్‌లో యోన్‌కోమా అంటారే, అది. నిలువుగా నాలుగు గళ్లు, చివరి గడిలో చిన్న మలుపు. బొమ్మ నాసిగానే ఉండేది, నేపథ్యం వేసేదాన్నే కాదు. ఆరో వారం కాస్త ఆలస్యమైతే "గొడుగు పిల్ల రాలేదేం ఇవాళ?" అని ఎవరో అడిగారు. లైకులు అప్పటికీ అరవై దాటలేదు. కానీ ఆ పిల్ల కోసం ఎదురుచూసిన మనిషి ఒకరున్నారని తెలిశాక నాకు ఆ లెక్క మీద ధ్యాస తగ్గింది.

పాతపెన్సిల్:
ఫ్యాన్ ఆర్ట్ వేయడం ఏదో తక్కువ పని అన్నట్టు మాట్లాడుకోకండి. టోక్యోలో కామికెట్ మొదలైంది 1975లో. అభిమానులు తమ పుస్తకాలు తామే అచ్చేసుకుని, బల్ల మీద పెట్టుకుని అమ్ముకునే చోటు అది. పేరున్న మాంగా (జపాన్ కామిక్స్) బృందం క్లాంప్ కూడా ఇలాంటి సొంత అచ్చు పుస్తకాలతో, అంటే డోజిన్షీలతో మొదలైనదే. 2007లో వచ్చిన హత్సునే మికు సంగతి చూడండి. మొదట అది పాటలు పాడించే సాఫ్ట్‌వేర్ పెట్టె మీద బొమ్మ. లాభాపేక్ష లేకుండా వేసుకోవచ్చని దాన్ని తయారుచేసిన క్రిప్టన్ సంస్థ నియమాలు సులువు చేశాక జనం వేసిన బొమ్మలకి లెక్కే లేదు. ఆమె ఇంత పెద్దదైంది వాటి వల్లే అంటాను నేను.

అయితే ఒకటి. ఏ పాత్ర హక్కుదారు ఏం ఒప్పుకుంటారో చదివి వేయండి. సరదాగా పెట్టడం వేరు, ప్రింట్లు తీసి అమ్మడం వేరు.

లేయర్42:
మెసేజ్‌ల గోల గురించి నేను చెప్తాను. "బ్రో, నా డీపీ ఫ్రీగా వేసిపెట్టవా, నీకు పబ్లిసిటీ వస్తుంది" అనే మెసేజ్ వారానికి నాలుగు వస్తాయి నాకు. మొదట్లో ఒక్కొక్కరికీ పేరాలు రాసి క్షమాపణ చెప్పేవాణ్ణి. ఇప్పుడు రెండు లైన్ల జవాబు దాచిపెట్టుకున్నాను: "ఉచితంగా వేయను. కమిషన్లు (డబ్బుకి వేసే బొమ్మలు) తెరిచినప్పుడు ప్రొఫైల్లో రాస్తాను." అంతే. కోపమొచ్చి అన్‌ఫాలో చేసినవాళ్లు లేకపోలేదు. చేసుకోనీ.

కమిషన్ దగ్గర ఒకసారి బాగా దెబ్బ తిన్నాను. పూర్తి రంగులయ్యాక "ఇంకొంచెం క్యూట్‌గా" అన్నారు. మార్చాను. మళ్లీ "ఇంకొంచెం". ఏడుసార్లు. చివరికి తేలిందేమిటంటే వాళ్లు అడుగుతున్నది క్యూట్ కాదు, చిన్న వయసు. మన స్టైల్లో కళ్లు పెద్దవి చేసి మొహంలో కాస్త కిందికి దింపి, గడ్డం పొట్టి చేస్తే పదహారేళ్లది పదేళ్లదైపోతుంది. అది స్కెచ్‌లో ఐదు నిమిషాల పని. రంగులయ్యాక మొహం మొత్తం తిరిగి వేయాలి.

అప్పట్నుంచి సగం డబ్బు ముందే తీసుకుంటాను. మార్పులన్నీ స్కెచ్ దశలోనే, అదీ రెండుసార్లు. లైన్ ఆర్ట్ (తుది గీతలు) మొదలయ్యాక ముట్టుకుంటే అదనం. మొదటి ప్రశ్న "పాత్ర వయసెంత?"

అర్ధరాత్రి_స్కెచ్:
లైకులు రాకపోవడం కన్నా బాధ కలిగించే సంగతి ఒకటుంది. పోయిన ఏడాది నా బొమ్మ కింద ఒకరు "ఇది ఏఐ, వేళ్లు చూడండి" అని రాశారు. ఆరు వేళ్లేమీ లేవు. బొటనవేలు తప్పు కోణంలో వేశాను, చేతులు వేయడం నాకు రాదు, అదీ అసలు నేరం! 2022లో ఆ బొమ్మల యంత్రాలు అందరికీ అందుబాటులోకి వచ్చాక వాటికి చేతులు సరిగ్గా వచ్చేవి కావు కాబట్టి, చేతులు వేయడం రానివాళ్లందరం ముద్దాయిలమే.

నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. స్టోరేజ్ చాలడం లేదని లేయర్లన్నీ (బొమ్మలోని విడి పొరలు) కలిపేసి సేవ్ చేశాను, టైమ్‌లాప్స్ (గీస్తున్న తీరుని వేగంగా చూపే రికార్డింగ్) ఆపేసి ఉంచాను. ఇప్పుడు ప్రతి బొమ్మకీ తొలి స్కెచ్, లేయర్లున్న ఫైలు, రికార్డింగ్ మూడూ ఉంచుతున్నాను.

కానీ అసలు గొడవ ఆ తర్వాత. నా అభిమానులు నా తరఫున వెళ్లి ఆ మనిషిని నానా మాటలూ అన్నారు. పాత పోస్టులు తవ్వారు. అతను భయపడి అకౌంట్ మూసేశాడు. నాకు ఒక్క క్షణం సంతోషం వేసింది, దాచను. తర్వాత సిగ్గేసింది. "దయచేసి ఎవరినీ వెంటపడకండి, నా పని నేను చూపించుకుంటాను" అని రాసి పైన పిన్ చేశాను. అది ముందే చేసి ఉండాల్సింది.

కాగితంపులి:
ఏఐకి మన బొమ్మలు మేత కాకుండా బొమ్మని కాస్త మార్చి ఏఐని తికమకపెట్టే గ్లేజ్ అనే సాఫ్ట్‌వేర్ వాడి చూశారా ఎవరైనా? షికాగో యూనివర్సిటీ వాళ్లు 2023లో ఇచ్చారు, ఉచితం. నా చిక్కేమిటంటే, మనది సెల్ షేడింగ్, అంటే రంగుల్ని ఒకదానిలో ఒకటి కలిపేయకుండా చదునుగా పరిచే పద్ధతి. ఒకే రంగు పరిచిన చోట అది చేసే మార్పు మచ్చల్లా కనబడుతుంది. బ్రష్ గరుకు ఉన్న బొమ్మలైతే కలిసిపోతుంది. అందుకని నేను నేపథ్యానికి కాస్త కాగితపు టెక్స్‌చర్ వేసి వాడుతున్నాను. పూర్తి రక్ష అని తయారుచేసినవాళ్లే అనడం లేదు. గాలికి తలుపు వేసుకున్నట్టు, అంతవరకే.

రీపోస్టులకి మాత్రం ఒక చిట్కా. ఎ4 సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 × 3508 పిక్సెళ్లు. ఆ ఫైలు నా దగ్గరే ఉంటుంది. బయట పెట్టేది పొడవు వైపు 1200 మాత్రమే. సంతకం మూలన వేస్తే కత్తిరించేస్తారు, కాబట్టి జుట్టు గీతల్లోనో బట్టల మడతలోనో కలిపేస్తాను. దొంగిలించినవాడికి కనబడదు, నాకు కనబడుతుంది.

చిన్నపిడుగు:
నేను ఆర్టిస్టుని కాదు, ఇంకా నేర్చుకుంటున్నాను. మీ అందరి పోస్టుల కింద "ఏ బ్రష్ వాడతారు?" అని అడిగి విసిగించేది నాలాంటివాళ్లే, సారీ 😅

ఒక అక్క నాకు బ్రష్ పేరు చెప్పలేదు. "నీ కళ్లు బాగున్నాయి, కానీ తల గుండ్రం గీయకుండా కళ్లు పెట్టేస్తున్నావు, అందుకే ఒకటి జారిపోతోంది" అని ఒకే లైన్ రాశారు. అది రెండేళ్ల కింద. ఆమె ఇంకెప్పుడూ నాకు జవాబివ్వలేదు. ఆమె ఏం పెట్టినా నేను ఇప్పటికీ చూస్తాను. కాబట్టి గీతలరాత అక్కా, అందరికీ రోజూ జవాబివ్వకపోతే పొగరని మేం అనుకోం. ఒట్టు.

నీలిబ్రష్:
బ్రష్ అడిగావు కాబట్టి: మామూలు హార్డ్ రౌండ్ (అంచు పదునుగా ఉండే గుండ్రటి బ్రష్). స్టెబిలైజర్ (చేతి వణుకు తగ్గించేది) కొంచెం. నీడకి మల్టిప్లై లేయర్ (కింది రంగుని ముదురు చేసే పొర), కింది లేయర్ దాటి పోకుండా దానికి క్లిప్ చేసి. మాయ ఏమీ లేదు తల్లీ.

లేయర్42:
జవాబుల విషయంలో నేను బొమ్మ పెట్టిన మొదటి గంట మాత్రమే కూర్చుంటాను. తర్వాత నోటిఫికేషన్లు బంద్. మణికట్టు నొప్పితో రెండు నెలలు పెన్ను పట్టుకోలేకపోయాను ఒకసారి, ఆ నొప్పిలో సగం టైపింగ్‌దే అని నా అనుమానం.

పాతపెన్సిల్:
ఆ మొదటి గంట కూడా ఎందుకయ్యా. పెట్టేసి పడుకో.

గీతలరాత:
మూడు వారాల తర్వాత వస్తున్నాను. అందరికీ థాంక్స్. లేయర్42 గారి రెండు లైన్లు ఎత్తుకుపోయాను, పనిచేస్తున్నాయి. తెల్లజుట్టు అబ్బాయిని మళ్లీ వేశాను, ఎందుకు అబద్ధం, వేయడం నాకూ ఇష్టమే. మిణుగురుతో నాలుగు గళ్లవి మూడు పెట్టాను. మూడోదానికి యాభై రెండు లైకులు.

నిన్న ఎవరో మిణుగురుని తమ చేత్తో వేసి నన్ను ట్యాగ్ చేశారు. ఒక్క ఫ్యాన్ ఆర్ట్, నా పాత్రకి! అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను. చెంప మీద మచ్చ మాత్రం ఎడమవైపు వేశారు, మిణుగురుకి ఉండేది కుడివైపు. జడ కూడా అటుదిటు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

అర్ధరాత్రి_స్కెచ్:
తప్పులు పట్టుకోవడానికి కాన్వాస్‌ని అద్దంలో కనబడినట్టు కుడిఎడమలు తిప్పి, మళ్లీ తిప్పడం మర్చిపోయి ఉంటారు. నేను నెలకోసారి చేస్తాను ఆ పని. చెప్పకండి.