‘వీకెండ్’ (2011) చూసినవాళ్లు రెండుగా ఎందుకు చీలిపోతున్నారు? షో తర్వాత చర్చ నడపాలి, సలహాలు కావాలి

నైజాం_టాకీస్:
ఆండ్రూ హే తీసిన ‘వీకెండ్’ని ఫిల్మ్ క్లబ్‌లో వేసి, తర్వాత చర్చ పెట్టాలనుకుంటున్నాం. ఈ సినిమా మీద ఎక్కడ చూసినా రెండే మాటలు. ఒకటి: గే జీవితాన్ని ఇంత నిజంగా చూపించిన సినిమా లేదు. రెండోది: ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడం తప్ప ఇందులో ఏముంది, అంతా ల్యాగ్. గే ప్రేక్షకులే రెండు వైపులా ఉన్నారు కాబట్టి, నచ్చనివాళ్లందరికీ గేలంటే పడదని తేల్చేయలేం. అసలు చీలిక ఎక్కడ మొదలవుతోంది? డబ్బుల్లేక అలా వచ్చిందా, కావాలనే అలా తీశారా? మా సభ్యుల్లో కొందరు ఇదే పద్ధతిలో చిన్న సినిమా మొదలుపెడుతున్నారు, కెమెరా, సౌండ్ సంగతులు కూడా చెప్పండి.

కటింగ్_టేబుల్:
చీలిక మొదటి పావుగంటలోనే మొదలవుతుంది. కథంతా రసెల్, గ్లెన్ అనే ఇద్దరు మగవాళ్లు కలిసి గడిపే ఒక్క వారాంతం. శుక్రవారం రాత్రి రసెల్ స్నేహితుల ఇంట్లో కాసేపు కూర్చుని, అక్కణ్ణుంచి గే క్లబ్‌కి వెళ్తాడు, గ్లెన్‌ని చూస్తాడు. కట్ చేస్తే తెల్లారింది. ఆ రాత్రి ఏం జరిగిందో మనకు చూపించరు. పొద్దున్న గ్లెన్ టేప్ రికార్డర్ తీసి, రాత్రి సంగతంతా నీ నోటితోనే చెప్పు అంటాడు. అంటే ‘ఆ సీన్’ కోసం వచ్చినవాడికి సీన్ దొరకదు, ప్రేమకథ కోసం వచ్చినవాడికి చాలా పచ్చిగా మాట్లాడుకునే ఇద్దరు కనిపిస్తారు. ఇద్దరూ నిరాశపడతారు. తర్వాత పడగ్గది సీన్ ఉంది, దాచలేదు. కానీ అప్పటికే మనకు వాళ్లిద్దరూ బాగా తెలిసిపోయారు, కాబట్టి దాని బరువు వేరు.

గ్లెన్ ఆదివారం అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కి రెండేళ్ల కోర్సుకి వెళ్లిపోతున్నాడని శనివారమే తెలుస్తుంది. మన లెక్కలో అది ఇంటర్వెల్ బ్యాంగ్. ఇక్కడ దాన్ని మామూలు మాటలా అనేసి ముందుకు పోతారు. ఆపే ప్రయత్నాలు, అపార్థాలు, పరుగులు, ఏవీ ఉండవు. 97 నిమిషాల్లో కథని తోసేది ఆ ఒక్క గడువే. అది పట్టుకున్నవాళ్లకి ప్రతి కబురూ టెన్షనే, పట్టుకోనివాళ్లకి సాగదీత.

చర్చకి ఒక సీన్ చెప్తాను. ఆ టేప్ రికార్డింగులతో తాను పెట్టాలనుకునే కళా ప్రదర్శన ఎవరు చూస్తారన్న మాట మీద గ్లెన్ చిరాకు పడతాడు: గేలు ఏదో కనిపిస్తుందని వచ్చి నిరాశపడతారు, మిగతావాళ్లు మాకు సంబంధం లేదని అసలు రారు అని. మీ ప్రశ్నకి జవాబు సినిమాలోనే ఉంది! చర్చ అక్కణ్ణుంచి ఎత్తుకోండి.

బూమ్_రాడ్:
డబ్బు సంగతి నేను చెప్తా. బడ్జెట్ దాదాపు లక్షా ఇరవై వేల పౌండ్లు. నాటింగ్‌హామ్‌లో తీశారు, మూడు వారాల లోపే ముగించారు, కథ వరుసలోనే. ఈ చివరి మాట గమనించండి. చిన్న సినిమాలు సాధారణంగా లొకేషన్ ప్రకారం కలిపి తీసి డబ్బు మిగుల్చుకుంటాయి. వరుసలో తీస్తే అదే ఫ్లాట్‌కి మళ్లీ మళ్లీ లైట్లు మోసుకెళ్లాలి. ఇక్కడ ఎక్కువ కథ ఒకే ఫ్లాట్‌లో నడవడం, లైట్లు తక్కువ కావడం వల్ల ఆ ఖర్చు భరించగలిగారు. ప్రతిఫలంగా రసెల్, గ్లెన్‌లుగా చేసిన టామ్ కలెన్, క్రిస్ న్యూ మధ్య చనువు రోజురోజుకీ పెరగడం తెర మీద కనిపిస్తుంది. కాబట్టి లేమి కొంత, ఎంపిక ఎక్కువ.

కెమెరా కెనాన్ 5డి. స్టిల్ కెమెరా అన్నమాట. మీవాళ్లు అందులో పాత మోడల్, 5డి మార్క్ టూ, అద్దెకి తెచ్చుకుంటే జాగ్రత్తలు:

ఫైల్ 4 జీబీ దగ్గర ఆగిపోతుంది, అంటే ఫుల్ హెచ్‌డీలో సుమారు 12 నిమిషాలు. లాంగ్ టేక్ (కట్ లేని పొడవాటి షాట్) ఎంతసేపో ముందే కొలుచుకోండి. ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ కాబట్టి ఫోకస్‌లో ఉండే లోతు చాలా తక్కువ. 85 ఎంఎం లెన్స్ ఎఫ్ 1.8లో (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది, ఫోకస్ లోతు తగ్గుతుంది), మనిషి రెండు మీటర్ల దూరంలో ఉంటే, ఫోకస్‌లో ఉండేది ఆరు సెంటీమీటర్లు. నటుడు ఊపిరి పీల్చినా కళ్లు మసకబారతాయి. అదే 50 ఎంఎం, ఎఫ్ 2.8 అయితే ఇరవై ఆరు, ఇరవై ఏడు సెంటీమీటర్లు దొరుకుతుంది. ఇద్దరు మంచం మీద కదులుతూ మాట్లాడే సీన్‌కి అదే నయం. ట్యూబ్‌లైట్ల కింద సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు పెట్టండి, లేకపోతే ఫ్లికర్, అంటే బొమ్మ మిణుకుమంటుంది. సన్న గళ్ల చొక్కాలొద్దు, గళ్ల మీద రంగుల అలలు పాకుతాయి, ఎడిటింగ్‌లో పోవు. కెమెరా గబుక్కున పక్కకి తిప్పితే బొమ్మలో గోడలు వాలినట్టు కనిపిస్తాయి.

సౌండ్ మాత్రం కెమెరాలో తీయొద్దు. విడిగా రికార్డర్, క్లాప్, ప్రతి గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేయండి, ఎడిటింగ్‌లో మాటల మధ్య అతకడానికి. ఫ్రిజ్ ఆపేయండి, ఆపినవాడి బండి తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టండి. తిరిగి ఆన్ చేయడం మర్చిపోడు. జనం చెడ్డ బొమ్మని ఓర్చుకుంటారు, వినపడని మాటని ఓర్చుకోరు. ‘ల్యాగ్’ అన్న మాటల్లో సగం నిజానికి ‘సరిగా వినపడలేదు’ అని నా అనుమానం.

రెండో_ఆట:
పైవాళ్లిద్దరూ చీలికని సినిమా తీసిన తీరు మీదికి తోసేస్తున్నారండి, నేను ఒప్పుకోను. గొడవ రసెల్, గ్లెన్‌ల మధ్య నడిచే వాదన గురించే. రసెల్‌కి ఇంట్లో ఉన్నప్పుడే గే అన్న ధైర్యం, వీధిలోకి వస్తే ముడుచుకుపోతాడు. గ్లెన్‌కి పెళ్లీ, జంటా, అందరిలా బతకడం అంటే మంట. అప్పటికి బ్రిటన్‌లో స్వలింగ జంటలకి సివిల్ పార్ట్‌నర్‌షిప్ (పెళ్లి అనకుండా చట్టం ఇచ్చే జంట గుర్తింపు) ఉంది, పెళ్లి లేదు. ఇంగ్లండ్‌లో స్వలింగ పెళ్లిళ్లు మొదలైంది 2014 మార్చిలో. ‘మాకూ పెళ్లి కావాలి’ అనేవాడు గ్లెన్‌ని చూసి మండిపడతాడు, ‘మీలా బతకడం మాకెందుకు’ అనేవాడు రసెల్‌ని చూసి విసుక్కుంటాడు. గే ప్రేక్షకులు చీలింది అక్కడ. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు పెళ్లి హక్కు ఇవ్వలేమన్నాక మన దగ్గర ఆ వాదన ఇంకా వేడిగా ఉంది. మీ హాల్లో వెనక వరసలోంచి వచ్చే మొదటి ప్రశ్న అదే, చూడండి.

ఇంకోటి. ‘ఇది గే సినిమా కాదు, అందరి ప్రేమకథ’ అని పొగిడేవాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. తండ్రికి తాను గే అని చెప్పే అవకాశమే లేకుండా పెరిగిన రసెల్ కోసం గ్లెన్ తండ్రిలా నటిస్తాడే, ఆ సీన్‌ని అమ్మాయీ అబ్బాయిల మధ్య పెట్టి చూపించమనండి.

కటింగ్_టేబుల్:
@రెండో_ఆట, ఆ సీన్ విషయంలో మీరే కరెక్ట్. కానీ సినిమా బాలేదన్నవాళ్లలో చాలామంది ఆ సీన్ దాకా ఓపిక పట్టనివాళ్లే కదా.

గేటు_దగ్గర:
ఇటలీ ముచ్చట కలుపుకోండి. అక్కడ ఈ సినిమా 2016లో గానీ విడుదల కాలేదు. ఇటలీ బిషప్పుల సంఘం సినిమాల కమిషన్ దీన్ని చూపదగనిదిగా ముద్ర వేసింది. చర్చిల చేతిలో వెయ్యికి పైగా హాళ్లున్నాయి, చిన్న సినిమాలు ఆడేది ఎక్కువగా వాటిలోనే. అవి మూసుకుపోవడంతో పది హాళ్లలో మొదలైంది. ఆ పదీ బాగా ఆడాయి. ప్రేక్షకుడు చీలడానికి ముందే హాలు చీలిపోవచ్చు.

మీ షో సంగతి: డిస్క్ కొన్నంత మాత్రాన పదిమందికి వేసే హక్కు రాదు. హక్కులున్నవాళ్లకి రాసి ప్రదర్శన అనుమతి తీసుకోండి, సెన్సార్ సర్టిఫికెట్ లేదా మినహాయింపు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. బ్రిటన్‌లో దీనికి 18 సర్టిఫికెట్, అంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. పోస్టర్ మీద పెద్దలకు మాత్రమే అని వేసి, మత్తుమందుల సీన్లు కూడా ఉన్నాయని ముందే చెప్పండి.

నైజాం_టాకీస్:
అందరికీ థాంక్స్. తెలుగు సబ్‌టైటిల్స్ చేయించాలా, ఇంగ్లీషువి చాలా?

బూమ్_రాడ్:
ఇంగ్లీషువి తప్పనిసరి, ఆ యాస అలవాటు లేనివాళ్లకి ముక్క అర్థం కాదు. తెలుగువి చేయిస్తే మాటకి మాట పెట్టొద్దు. ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడిపోతుంటారు, అంతా రాస్తే జనం కింద చదువుతూ మొహాలు చూడరు. ఈ సినిమాలో అసలు కథ వినేవాడి మొహంలో ఉంటుంది. రెండు లైన్లు మించకుండా, ఒక్కోటి కనీసం ఒక సెకను, ఎక్కువలో ఎక్కువ ఏడు సెకన్లు. షాట్ మారే చోట లైను కూడా మారాలి. బూతులు మాత్రం మెత్తబరచకండి, మెత్తబరిస్తే గ్లెన్ గ్లెన్‌లా ఉండడు.