పోలీసు ఇన్‌ఫార్మర్ పేరుతో నక్సలైట్ల చేతిలో చనిపోయినవాళ్ల గురించి హక్కుల సంఘాలు నిజనిర్ధారణ నివేదికల్లో రాయాలా, వద్దా?

రామగుండం రవి: ఎన్‌కౌంటర్ అనగానే హక్కుల సంఘాలు నిజనిర్ధారణకు బయలుదేరతాయి. మా మేనమామను 1996లో నక్సలైట్లు ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి రాత్రి ఇంట్లోంచి లాక్కెళ్లారు. తెల్లారి చెరువు కట్ట మీద శవం, ఛాతీ మీద రాయి పెట్టిన చీటీ. మా గడప ఎవరూ తొక్కలేదు. అన్ని చావులూ రాయని నివేదికను నేనెందుకు నమ్మాలి?

లాయర్ పద్మ: రవి గారూ, మీ మామయ్యది హత్య కేసుగా నమోదై ఉంటుంది. ఎన్‌కౌంటర్‌లో కేసు పెట్టేది చచ్చిపోయినవాడి మీదే, పోలీసులపై హత్యాయత్నం చేశాడని. అందుకే 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం కాల్చినవాళ్ల మీద కేసు పెట్టాలని, ఆత్మరక్షణ సంగతి విచారణలో తేల్చుకోవాలని చెప్పింది. 2014లో సుప్రీంకోర్టు కూడా స్వతంత్ర దర్యాప్తు ఉండాలంది.

రామగుండం రవి: కేసు గురించి అడగలేదు. వచ్చారా, రాలేదా?

కరీంనగర్ శీను: నాదీ అదే ప్రశ్న.

లాయర్ పద్మ: ఆ ప్రశ్న హక్కుల సంఘాల లోపలివాళ్లే అడిగారు. హక్కుల నాయకుడు బాలగోపాల్ గారు పౌరహక్కుల సంఘం వదిలి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టడానికి ఈ గొడవే కారణం.

రామగుండం రవి: 1998 అంటే మా మామ పోయిన రెండేళ్లకు.

పాత కార్యకర్త: తమ్ముడూ, అప్పట్లో తిరగడమంటే ఏంటో చెప్పనీ. 1985లో వరంగల్‌లో పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 2000లో అదే సంఘం పురుషోత్తం గారిని నరికి చంపారు. మార్చురీలో నేను చూసిన ఒక కుర్రాడి ఒంట్లో మూడు తూటాలు, ఒంటి మీది చొక్కాకు ఒక్క చిల్లు లేదు. చంపాక తొడిగారు. అది రాయడానికి మేం తప్ప ఇంకెవరూ లేరు. ఉన్నది పదిమందిమి.

కరీంనగర్ శీను: ఇది సాకు.

లాయర్ పద్మ: ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లది సాకా? కాస్త చూసుకుని మాట్లాడండి.

చటాన్‌పల్లి దారి: 2019లో దిశ కేసు నిందితులు నలుగురిని కాల్చినప్పుడు పూలు చల్లిన జనం మనమే. పదిమంది పోలీసులపై హత్య కేసు నడపాలని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ చెప్పింది. దాని గురించి కూడా మాట్లాడండి.

రామగుండం రవి: అది వేరే థ్రెడ్‌లో పెట్టండి. పద్మ గారూ, నన్ను కసరక్కర్లేదు. అసలు మాట చెప్తాను. మామ పోయిన నెలకు పక్క ఊరి మీటింగ్‌లో ఒకాయన ‘ప్రజలు శిక్షించారు’ అన్నాడు. మా అత్త మూడో వరసలో కూర్చుని ఉంది. రాకపోవడం కాదు, ఆ మాట.

పాత కార్యకర్త: ఆ మాట నేనూ ఒకప్పుడు అన్నాను. తప్పే. కానీ రెంటినీ ఒకే పట్టికలో పెట్టమంటే మాత్రం ఒప్పుకోను. నక్సలైట్ల దళం చంపితే పోలీసులు వెతుకుతారు. పోలీసులే చంపితే కాగితం రాసేదీ వాళ్లే. మీ అత్తగారు ఉన్నారా? నేనొచ్చి రాసుకుంటాను.

రామగుండం రవి: ఉంది. రాసుకుని ఏమని పెడతారు, ‘హత్య’ అనా, ‘సంఘటన’ అనా? అది చెప్పాకే ఊరి పేరు చెప్తాను.